వాడి మోకాలు సాకు చెప్పలేదు

చంద్రగిరి పక్క పల్లె నుంచి ఒక తండ్రి రాసిన ఉత్తరం ఇది. ఆరు పేజీలుంది కాబట్టి కుదించి చెబుతున్నాను. ఆయనకు తిరుపతిలో బైకుల మెకానిక్ షెడ్డు ఉంది. కొడుక్కి 13 ఏళ్లు, ఎనిమిదో తరగతి, ఖోఖో ఆడతాడు. 2025 జనవరిలో ఢిల్లీలో మొదటి ఖోఖో ప్రపంచ కప్పు జరిగినప్పుడు మన మగవాళ్ల జట్టూ, ఆడవాళ్ల జట్టూ రెండూ గెలిచాయి. ఆ ఫైనల్స్ తండ్రీకొడుకులు ఫోన్లో కలిసి చూశారట. అప్పటి నుంచి తెల్లవారి నాలుగున్నరకు లేవడం, స్కూటర్ మీద తిరుపతి రావడం, గ్రౌండు, స్కూలు, సాయంత్రం మళ్లీ గ్రౌండు.

మూడు నెలల కిందట పిల్లవాడు కుడి మోకాలు నొప్పిగా ఉందన్నాడు. అంతకు కొద్దిరోజుల ముందే హోంవర్కు విషయంలో అబద్ధం చెప్పి దొరికిపోయాడు కాబట్టి తండ్రి ఇదీ సాకే అనుకున్నాడు. ఒకరోజు ప్రాక్టీస్ మధ్యలో వచ్చి పక్కన కూర్చున్నాడని, ఇంటికి తీసుకొచ్చి వాకిట్లో 100 బస్కీలు తీయించాడు. "ఏడవకుండా 100 తీశాడు సార్. ఆ తర్వాత నొప్పి అనే మాటే ఎత్తలేదు. తగ్గిపోయిందనుకున్నా" అని రాశారు. తగ్గలేదు. అన్నానికి కింద కూర్చోవడం మానేసి వాళ్ల అవ్వ ప్లాస్టిక్ స్టూలు లాక్కుంటున్నాడు. ప్యాంటు కింద నల్ల నీక్యాప్ దాచి వేసుకుంటున్నాడు. పోయిన వారం స్నానం చేసి వస్తుంటే మోకాలి చిప్ప కింద రేగుపండంత బుడిపె తండ్రి కంటపడింది.

ఇక ఇంట్లో తలా ఒక మాట. పీఈటీ సారు తొడలు బిగుసుకున్నాయి, స్ట్రెచింగ్ చాలట్లేదంటారు. వాణ్ణి బోర్లా పడుకోబెట్టి, నడుము మీద ఇంకొకణ్ణి కూర్చోబెట్టి, మడమ పిర్రకు తగిలేదాకా వంచిస్తున్నారు. బావమరిది పుత్తూరు తీసుకెళ్లి కట్టు కట్టిద్దామంటాడు. ఊళ్లో ఆర్‌ఎంపీ ఒక ఇంజెక్షన్‌తో సరిపోతుందన్నాడు. భార్య ఆటే మాన్పించెయ్యమంటోంది. తల్లి మాత్రం, మోకాలు నయమైతే మనవడు తిరుమల మెట్ల దారిలోని మోకాళ్ల పర్వతం మోకాళ్ల మీద ఎక్కుతాడని స్వామికి మొక్కేసింది. పైగా మొక్కు ముందే తీర్చేస్తే తొందరగా తగ్గుతుందని ఈ నెలలోనే బయలుదేరదామంటోంది. ఆరు వారాల్లో అండర్-14 సెలక్షన్స్. వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది. ఆడించాలా, మాన్పించాలా, స్ట్రెచింగ్‌తో తగ్గుతుందా అని ప్రశ్నలు. చివర్లో ఒక వాక్యం రాసి, కొట్టేసి, మళ్లీ రాశారు: "వాడికి నేను సారీ చెబితే లోకువైపోతానా?"

ఇక నా మాట.

మీ ఆరు పేజీల్లో నాకు బాగా పనికొచ్చిన వాక్యం మీరు మాటవరసకు రాసింది. జూన్‌లో కుట్టించిన యూనిఫాం ప్యాంటు అంచు రెండుసార్లు విప్పి పొడుగు చేయించినా చీలమండ పైకే ఉంటోందన్నారు. సగం జవాబు ఆ ప్యాంటులోనే ఉంది.

మీకు మీ షెడ్డు భాషలోనే చెబుతాను. కుర్రాళ్లు బండికి ఎత్తు హ్యాండిల్ బిగించుకుంటారు, కేబుల్ మాత్రం పాతదే ఉంచమంటారు. అప్పుడేమవుతుంది? కేబుల్ ఎప్పుడూ లాగిపట్టినట్టే ఉంటుంది. హ్యాండిల్ తిప్పిన ప్రతిసారీ, కేబుల్ చివర ఎక్కడ తగిలించి ఉందో ఆ చోటు మీద పడుతుంది బరువంతా. మీవాడి ఎముకలు ఈ ఏడాది గబగబా సాగాయి. తొడ ముందు కండ ఇంకా వాటిని అందుకోలేదు. ఆ కండ మోకాలి చిప్పను పట్టుకుని, చిప్ప కింద గట్టి పట్టీలా దిగి, కాలి ముందెముక పైభాగంలో అతుక్కుంటుంది. పెద్దవాళ్లకు ఆ అతుకు గట్టి ఎముక. ఈ వయసు పిల్లలకు అక్కడింకా ముదరలేదు, ఎదుగుతున్న మెత్తటి చోటు. పరిగెత్తినా, గెంతినా, గొంతుక్కూర్చుని దిగ్గున లేచినా కండ దాన్నే పట్టుకుని లాగుతుంది. లాగగా లాగగా అక్కడ వాస్తుంది, ముట్టుకుంటే నొప్పెడుతుంది, మెల్లగా బుడిపె కడుతుంది.

దీన్ని డాక్టర్లు ఆస్‌గుడ్-ష్లాటర్ అంటారు. 1903లో బోస్టన్‌లో ఆస్‌గుడ్, జ్యూరిక్‌లో ష్లాటర్ ఎవరికి వారే దీన్ని గుర్తించి రాశారు. చీటీ మీద ఆ పేరు పక్కన 'డిసీజ్' అని ఉంటే గాభరా పడకండి. ఆడే పిల్లలకు ఎదిగే వయసులో వచ్చే ఇబ్బంది ఇది. మగపిల్లల్లో ఎక్కువగా 12-15 ఏళ్ల మధ్య, ఆడపిల్లలు ముందే ఎదుగుతారు కాబట్టి వాళ్లలో ఇంకొంచెం ముందు కనిపిస్తుంది. చాలామందికి ఏడాది, రెండేళ్లలో, ఎదుగుదల ఆగేసరికి నొప్పి దానంతటదే పోతుంది. బుడిపె మాత్రం కొందరికి ఉండిపోతుంది. పెద్దయ్యాక మోకాళ్ల మీద కూర్చుంటే అప్పుడప్పుడూ చురుక్కుమంటుంది, చాలామందికి అంతకు మించి ఏమీ ఉండదు.

ఖోఖోలో ఇది ఎందుకు ముదురుతుందో ఒక సాయంత్రం గ్రౌండు అంచున కూర్చుని చూడండి. తరిమే జట్టులో ఒకడు పరిగెడుతుంటే ఎనిమిది మంది గళ్లలో కూర్చుని ఉంటారు. వీపు మీద తట్టి 'ఖో' అనగానే కింది నుంచి బాణంలా లేవాలి. ఆ లేచే క్షణంలో తొడ కండ తన బలమంతా ఆ మెత్తటి అతుకు మీదే చూపిస్తుంది. ఒక్క ప్రాక్టీసులో మీవాడు అలా ఎన్నిసార్లు లేచాడో వేళ్ల మీద లెక్కపెట్టండి, ఇరవై దాటాక వేళ్లు చాలవు. మీ 100 బస్కీల వల్ల బుడిపె రాలేదు, అది అప్పటికే మొదలైంది. ఆ రాత్రి నొప్పి మాత్రం బస్కీలదే. ఇది మీకు తెలుసు, అందుకే కొట్టేసి మళ్లీ రాశారు. ఆ సంగతి చివర్లో మాట్లాడుకుందాం.

నేను మోకాలు చూడలేదు, ఉత్తరమే చూశాను. అందుకని ముందు మీరొక పని చేయండి. వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి కాలు వదులుగా వేలాడనివ్వండి. చిప్ప కింది అంచు మీద వేలు పెట్టి, అక్కడి నుంచి రెండు మూడు వేళ్ల వెడల్పు కిందికి జరపండి. అక్కడ మెల్లగా నొక్కితే "ఆ, అదే" అన్నాడంటే నేను చెప్పినదే అయ్యే అవకాశం ఎక్కువ. చిప్ప కింది అంచులోనే నొప్పి అంటే దీని తమ్ముడు లాంటిది ఇంకొకటుంది, దాన్నీ దాదాపు ఇలాగే చూసుకోవాలి. చిప్ప చుట్టూ, చిప్ప వెనక ఎక్కడో నొప్పి, మెట్లు దిగేటప్పుడు, సినిమాలో చాలాసేపు కూర్చున్నప్పుడు ఎక్కువ అంటే దాని కథ వేరు.

కొన్ని గుర్తులు కనిపిస్తే మాత్రం ఈ జవాబు పక్కన పెట్టి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఆడినా ఆడకపోయినా రాత్రి నిద్రలోంచి లేపే నొప్పి. జ్వరం, బరువు తగ్గడం. మోకాలు మొత్తం నీరు పట్టినట్టు ఉబ్బడం, మధ్యలో ఇరుక్కుపోవడం. గెంతినప్పుడు 'టప్' మని చప్పుడొచ్చి ఆ తర్వాత కాలు చాపలేకపోవడం, ఇదైతే ఆ మెత్తటి అతుకు ఊడివచ్చి ఉండొచ్చు, అదే రోజు ఆసుపత్రికి పోవాలి. ఇంకొకటి చాలామందికి తెలియదు: ఈ వయసులో తుంటి కీలు జారినా పిల్లలు మోకాలు నొప్పి అనే చెబుతారు. కుంటుతూ, పాదం బయటికి తిప్పి నడుస్తుంటే తుంటి కూడా చూడమని మీరే అడగండి. ఇవేవీ లేకపోయినా ఒకసారి ఎముకల డాక్టరుకు చూపించడం మంచిది. మీ షెడ్డు తిరుపతిలోనే ఉంది. బర్డ్, రుయా, స్విమ్స్ ఆసుపత్రులు మూడూ అలిపిరి రోడ్డులోనే ఉన్నాయి. షెడ్డుకు ఒక పూట తాళం వేస్తే పనైపోతుంది. ఎక్స్‌రే తీయకపోతే సరిగ్గా చూడలేదనుకోకండి. చాలాసార్లు చేత్తో చూస్తేనే తెలిసిపోతుంది.

ఇక మీరు అసలు అడిగిన స్ట్రెచింగ్. పీఈటీ సారు చెప్పినదాంట్లో సగం నిజం. తొడ బిగుసుకుంది, నిజమే. అయితే ఇప్పుడు చేయిస్తున్న పద్ధతి గోరుచుట్టు మీద రోకటిపోటు. మడమను బలవంతంగా పిర్రకు తాకిస్తే సాగేది కండ ఒక్కటే అనుకుంటాం, కానీ ఆ లాగుడంతా వెళ్లి వాచిన బుడిపె మీదే ఆగుతుంది. కేబుల్ బిగిసిందని పళ్లతో పట్టి గుంజితే కొక్కెం ఊడుతుందని మీకు నేను చెప్పాలా? ఆ నడుమెక్కి కూర్చోవడం రేపటి నుంచే ఆపించండి. మొదటి రెండు వారాలు తొడ ముందు భాగం జోలికే పోవద్దు. తొడ వెనక, పిక్క, ఈ రెండూ సాగదీయొచ్చు. ఇంట్లో గుమ్మం పక్కన వెల్లకిలా పడుకుని ఒక కాలు ఎత్తి గుమ్మం చెక్కకు ఆనించి, ఇంకో కాలు గుమ్మంలోంచి అవతలికి చాపమనండి. తొడ వెనక లాగినట్టుండాలి, నొప్పెట్టకూడదు. 30 సెకన్లు, మూడుసార్లు. పిక్కకైతే గోడను తోస్తున్నట్టు నిలబడి వెనక కాలి మడమ నేలకు ఆనించి ఉంచడం.

బుడిపె నొక్కితే వచ్చే నొప్పి కాస్త మెత్తబడ్డాక తొడ ముందు భాగం. అదీ పక్కకు తిరిగి పడుకుని, చీలమండ తన చేత్తో తానే పట్టుకుని, మెల్లగా వెనక్కి. వేరేవాళ్ల చెయ్యి పడకూడదు. తొడ మధ్యలో లాగితే సరే, బుడిపె దగ్గర లాగితే వదిలెయ్యాలి. పొద్దున చలిలో గ్రౌండులోకి దిగగానే ఇవి చేయించకండి. ముందు పది నిమిషాలు నడక, మెల్లటి పరుగు, చేతులూ కాళ్లూ ఊపడం. కదలకుండా పట్టి ఉంచే స్ట్రెచింగ్ ఆట అయ్యాకో, రాత్రి పడుకునే ముందో.

కానీ స్ట్రెచింగ్ ఒక్కటే దీన్ని తగ్గిస్తుందంటే నేను ఒప్పుకోను. బిగుతు సగమే. మిగతా సగం, కండ తనమీద పడే పనికి సరిపడా బలంగా లేకపోవడం. డెన్మార్క్‌లో 10-14 ఏళ్ల పిల్లలు 51 మందికి ఇదే బాధ ఉంటే 12 వారాలు ఆట తగ్గించి, మెట్టు మెట్టుగా తొడకు బలం పెంచే వ్యాయామాలు చేయించారు. ఆ ఫలితాలు 2020లో అచ్చయ్యాయి. 12 వారాలకు 80 శాతం మంది బాగా మెరుగైందన్నారు. మీరు గుర్తుపెట్టుకోవాల్సిన అంకె మాత్రం ఇంకొకటి: ఆ 12 వారాలకు తిరిగి ఆటలో దిగినవాళ్లు 16 శాతమే. ఏడాదికి 69 శాతం. నొప్పి తగ్గడం వేరు, మునుపటిలా ఆడడం వేరు. మీ చేతిలో ఉన్నది ఆరు వారాలు.

మిగతా సలహాలు త్వరగా చూసేద్దాం. పుత్తూరు కట్టుకు మన వైపు ఎంత పేరుందో నాకు తెలుసు, మా ఇంట్లోనూ కట్టించుకున్నవాళ్లున్నారు. కానీ అది విరిగిన ఎముకకు. మీవాడిది విరగలేదు. కదలకుండా కట్టేస్తే వారాల్లో తొడ సన్నబడుతుంది, అంటే ఉన్న బలం కూడా పోతుంది. ఇంజెక్షన్ వద్దు. అక్కడ స్టెరాయిడ్ పొడిస్తే పట్టీ బలహీనపడొచ్చు, పైచర్మం పలచబడొచ్చు. నొప్పి మాత్రలు డాక్టరు రాస్తే రెండు మూడు రోజులు వాడొచ్చు, ఆటకు ముందు వేసి పంపడం మాత్రం కూడదు. నొప్పి వాడికి ఆగమని చెప్పే ఇండికేటర్, దాని వైరు పీకేసినట్టవుతుంది. ఐసు గుడ్డలో చుట్టి ఆడాక 10-15 నిమిషాలు పెట్టొచ్చు. అవ్వ నూనె మర్దనా చేస్తానంటే తొడకు, పిక్కకు చెయ్యనివ్వండి, బుడిపె మీద రుద్దొద్దు. దాచుకున్న నీక్యాప్ నయమూ చెయ్యదు, చెడూ చెయ్యదు. నేలకు తగలకుండా మెత్త ఉన్నదైతే కొంత మేలు. ఇంకో మాట, ట్యూషన్ అయ్యి తొమ్మిదిన్నరకు తిని, నాలుగున్నరకు లేచే పిల్లవాడికి నిద్ర ఏడు గంటలు కూడా పడదు. ఈ వయసుకు 8 నుంచి 10 గంటలు కావాలి. అందరూ మోకాలినే చూస్తున్నారు, గడియారాన్ని ఎవరూ చూడట్లేదు.

ఇప్పుడు ఆడించాలా, మాన్పించాలా. మీ ముందు మూడు దారులున్నాయి. దేనికుండే ఖర్చు దానికుంది.

మీ ఆవిడ చెప్పిన దారి: రెండు మూడు నెలలు పూర్తిగా ఆపెయ్యడం. బుడిపె త్వరగా చల్లబడుతుంది, ఇంట్లో టెన్షన్ తగ్గుతుంది. సెలక్షన్స్ పోతాయి. కానీ దీంట్లో ఒక చిక్కుంది, అది నా అనుభవంలోనే తెలుసుకున్నాను. చాలా ఏళ్ల కిందట ఒక రన్నర్ పిల్లకు మూడు నెలలు పూర్తి రెస్టు చెప్పాను, వ్యాయామాలేమీ ఇవ్వలేదు. నొప్పి సున్నా అయ్యింది. గ్రౌండులో దిగిన మొదటి వారంలోనే మళ్లీ మొదటికొచ్చింది, ఎందుకంటే మూడు నెలల్లో తొడ బలం కరిగిపోయింది. ఆ పిల్ల నా ముందు కూర్చుని "మీరు చెప్పినట్టే చేశాను కదా సార్" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. కాబట్టి ఈ దారి ఎంచుకున్నా వ్యాయామాలు తప్పవు. ఇంకోటి, ఆట ఉన్నట్టుండి పోతే, నొప్పి గురించి నిజం చెప్పినందుకు పడిన శిక్ష అనుకుంటాడు వాడు.

రెండోది, పళ్ల బిగువున సెలక్షన్స్ దాకా ఆడించేసి తర్వాత చూసుకోవడం. భయపెట్టడానికి మోకాలు శాశ్వతంగా పాడైపోతుందని నేను చెప్పను, చాలామందికి అలా కాదు. కానీ నొప్పి నెలల తరబడి సాగుతుంది. కుంటుకుంటూ ఆడేవాడు సెలక్టర్ల ముందు తన అసలు ఆట చూపించలేడు. ఆ అతుకు ఊడే ప్రమాదం అరుదే అయినా ఉంది. అన్నిటికంటే, దాచడం వాడికి బాగా అలవాటైపోతుంది.

మూడోది మధ్యదారి. నా మొగ్గు దీని వైపే, కాకపోతే మీ ఇంట్లో అందరికీ ఓపిక కావాలి. రేపటి నుంచి ఆట ఆపకుండా, ఆటలో బుడిపెను లాగే పనులు మాత్రం తీసెయ్యాలి. గొంతుక్కూర్చుని లేవడం, గెంతులు, బస్కీలు, డైవ్, ఫుల్ స్పీడ్ పరుగు వద్దు. మిగతాది ఉంచొచ్చు: నొప్పి రాకపోతే మెల్లగా సైకిలు, చేతులకూ నడుముకూ వ్యాయామాలు, నిలబడి 'ఖో' ఇవ్వడం, దిశ మార్చుకోవడం నడుస్తూ సాధన చెయ్యడం, ఎదుటి జట్టు ఆట చదవడం. వాడు రోజూ గ్రౌండుకు వెళ్తాడు. జట్టులోనే ఉంటాడు.

ఇంట్లో రోజుకు 20 నిమిషాలు వ్యాయామం. మొదటి నాలుగు వారాలు తేలికైనవే. కాళ్లు చాపి కూర్చుని, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని నేలకేసి అదుముతున్నట్టు తొడ బిగించి పది లెక్కపెట్టడం, పదిసార్లు. మీరు తొడ మీద చెయ్యి వేసి చూడండి, రాయిలా గట్టిపడాలి. కొన్ని రోజులకు కుడి తొడ ఎడమదానికంటే మెత్తగా ఉందని మీ చేతికే తెలుస్తుంది. తర్వాత వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకెత్తి ఐదు లెక్కపెట్టి దించడం, పదేసి చొప్పున మూడుసార్లు. ఇవి నొప్పి లేకుండా సాగుతుంటే గోడకుర్చీ. మీకూ నాకూ బడిలో శిక్షగా వేయించిందే, ఇక్కడ మందు. అయితే కుర్చీ అంత కిందికి వద్దు, సగం దిగితే చాలు, 20-30 సెకన్లు. ఆ తర్వాత ఒక కాలు ముందుకేసి మెల్లగా దిగి లేవడం. అవన్నీ అయ్యాకే మెల్లటి పరుగు, తర్వాత తిన్నగా వేగం, తర్వాత మలుపులు, తర్వాత గెంతు. గళ్లో కూర్చుని లేవడం అన్నిటికంటే చివర.

ఎప్పుడు పై మెట్టు ఎక్కాలో వాడి నొప్పే చెబుతుంది, దానికొక కొలత పెట్టుకోండి. సున్నా అంటే ఏమీ లేదు, పది అంటే భరించలేనిది. చేస్తున్నప్పుడు 2 దాకా ఉంటే ఫర్వాలేదు. 3 నుంచి 5 అయితే ఆ రోజుకు అంతే, పెంచకూడదు. 5 దాటితే ఆపెయ్యాలి. మర్నాడు పొద్దున లేచేసరికి నిన్నటి పొద్దుటి అంకెకు తిరిగి రావాలి, రాకపోతే నిన్న ఎక్కువైందని అర్థం, ఒక మెట్టు దిగాలి. మీ ఇంట్లో గోడ మీద టీటీడీ క్యాలెండరు ఉండే ఉంటుంది. ప్రతి తేదీ గడిలో పొద్దున ఒక అంకె, రాత్రి ఒక అంకె వాడి చేత్తో వాడే రాయాలి. మీరు చెయ్యాల్సింది ఒక్కటే, కష్టమైనది: వాడు 6 అని రాసిన రోజు మీ ముఖం మారకూడదు. మారితే మరుసటి రోజు 2 అని రాస్తాడు, మనం మళ్లీ నీక్యాప్ దగ్గరికి వస్తాం.

సెలక్షన్స్‌కు వారం ముందు ముగ్గురూ కూర్చోండి, మీరు, వాడు, పీఈటీ సారు. అంతకు ముందు రెండు వారాల అంకెలు 2 దాటకుండా ఉండి, గెంతి దిగినప్పుడు కుంటకుండా ఉంటే ఆ ఒక్క రోజు ఆడించొచ్చు, ఆ తర్వాత వారం నొప్పి కొంచెం పెరుగుతుందని ముందే అనుకుని. లేకపోతే లేదు. ఆరు వారాల్లో అక్కడికి చేరతాడా అని అడిగితే, చేరకపోవడానికే ఎక్కువ అవకాశం ఉందని పైన అంకెలు చెప్పేశాయి. అండర్-14 పోతే నష్టమే, నష్టం కాదని నేననను. కానీ అండర్-17 ఆడేనాటికి ఈ సాగే వయసు దాటుతుంది, మోకాలు గట్టిపడుతుంది, ఇప్పుడు చేసిన వ్యాయామాల బలం తొడలో ఉంటుంది.

పీఈటీ సారుతో మాట్లాడేటప్పుడు "మావాణ్ణి ఆడించొద్దు" అని మొదలుపెట్టకండి. ఆయన చేతి కింద పన్నెండు మంది పిల్లలు, ఒక జట్టు, పైనుంచి ఒత్తిడి. ఒక కాగితం మీద ఎడమవైపు చెయ్యొచ్చు, కుడివైపు వద్దు అని రాసి ఇవ్వండి, డాక్టరుకు చూపించాక ఆయన సంతకంతో ఇస్తే ఇంకా మంచిది. ఏం వద్దో మాత్రమే చెబితే పిల్లవాడు గట్టు మీద కూర్చుండిపోతాడు. ఏం చేయించొచ్చో చెబితే సారు ఏదో ఒకటి చేయిస్తారు.

మొక్కు సంగతి. అలిపిరి దారిలో 3,550 మెట్లు, అందులో మోకాళ్ల పర్వతం నిటారుగా ఉండే చోటు. రామానుజాచార్యులు ఆ కొండను మోకాళ్ల మీద ఎక్కారని మన పెద్దలు చెప్పుకుంటారు, మీ అమ్మగారు అది తలుచుకునే మొక్కి ఉంటారు. ఆవిడ ప్రేమను తక్కువ చెయ్యకండి. కానీ వాచిన బుడిపెను రాతి మెట్టు అంచుకు ఆనించి ఒళ్లు బరువంతా దాని మీద వెయ్యడం కంటే చెడ్డది ఈ మోకాలికి ఇంకోటి లేదు. ఆవిడతో వాదన పెట్టుకోకుండా ఒక్క మాట గుర్తుచేయండి: "నయమైతే" అని కదా మొక్కింది. నయమవ్వలేదు కాబట్టి మొక్కు ఇంకా చెల్లించే వేళ రాలేదు. ఈలోగా బస్సులో వెళ్లి దర్శనం చేసుకుని తలనీలాలు ఇప్పించి రావచ్చు. నొప్పి పోయాక నడిచి ఎక్కొచ్చు, దిగేటప్పుడు మాత్రం బస్సే, దిగడంలోనే మోకాలి మీద భారం ఎక్కువ. మోకాళ్ల మీద ఎక్కడం పిల్లవాడు ఎదిగాక, బుడిపె నొక్కినా నొప్పి లేనప్పుడు, వాడికే ఇష్టమైతే. ఎలాగూ ఆయన వడ్డీకాసులవాడు. ఆలస్యమైతే వడ్డీ కలిపి కడతామని అమ్మగారిని చెప్పుకోమనండి, ఒప్పుకుంటాడు.

ఇక లోకువ. మీ ఉత్తరం ప్రకారం పిల్లవాడు మీ దగ్గర రెండు విషయాల్లో మాట మార్చాడు. హోంవర్కు చెయ్యకుండా చేశానన్నాడు. నొప్పి ఉండి లేనట్టు నటించాడు. మొదటిది భయంతో, రెండోదీ భయంతోనే. బస్కీల తర్వాత వాడికి అర్థమైందేమిటంటే, ఈ ఇంట్లో నొప్పి చెబితే ఇంకా నొప్పి వస్తుందని. క్యాలెండరులో వాడు రాసే అంకెలు నిజమైనవి కావాలంటే ఆ లెక్క మారాలి. సారీ చెబితే లోకువవుతారో లేదో నాకంటే మీకే బాగా తెలుసు. షెడ్డులో ఎప్పుడైనా బండి సరిగా బిగించక మళ్లీ వెనక్కి వస్తే మీరేం చేస్తారు? "నా పొరపాటే" అని మళ్లీ విప్పి బిగిస్తారు. ఆ కస్టమరు మళ్లీ మీ దగ్గరికే వస్తాడా, పక్క షెడ్డుకు పోతాడా?

నోటితో చెప్పలేకపోతే ఈ రాత్రి అన్నం వేళకు ఆ ప్లాస్టిక్ స్టూలు మీరే తెచ్చి వాడి కంచం ముందు వెయ్యండి. వాడు తలెత్తి చూస్తాడు. ఆ తర్వాత రెండు మాటలు వాటంతటవే వస్తాయి. మూడు వారాలయ్యాక ఆ క్యాలెండరు పేజీ ఫొటో తీసి నాకు పంపండి, 6లూ 7లూ ఉన్నా సరే.